సకిగాకే అనే చిన్న పార్టీ

రాత్రి తమ్ముడికి రక్తం గడ్డకట్టించే ఫ్యాక్టర్ ఇంజెక్షన్ చేశాక నిద్ర పట్టక పాత జపాన్ న్యూస్ క్లిప్ ఒకటి చూశాను. 1996 ఫిబ్రవరి. హెచ్‌ఐవీ కలిసిన రక్తపు మందులతో జీవితాలు పోగొట్టుకున్న హిమోఫీలియా (రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు) రోగుల ముందు ఆరోగ్య మంత్రి నవోతో కాన్ నడుం వంచి క్షమాపణ అడుగుతున్నాడు. లేవని శాఖ చెప్పిన ఫైళ్లను ఆ శాఖలోనే వెతికించి బయటపెట్టించింది ఆయనే.

ఆయనది సకిగాకే పార్టీ. 1993లో అప్పటి అధికార పార్టీ ఎల్‌డీపీని వదిలొచ్చిన 10 మంది ఎంపీలు పెట్టుకున్నది. ఆ ఏడాది ఎన్నికల్లో 13 సీట్లు. 1996లో కాన్, సహచర ఎంపీ యుకియో హతోయామా వెళ్లి డెమొక్రటిక్ పార్టీ పెట్టారు, అక్టోబరు ఎన్నికల్లో సకిగాకేకి దక్కినవి రెండే.

ఎంత చిన్న పార్టీ! ఆ క్షమాపణ మాత్రం ఎంత పెద్దదో మా ఇంట్లో వాళ్లకి తెలుసు. తమ్ముడు చేతి మీద దూది నొక్కుకునే నిద్రపోయాడు.