డిస్క్ ప్లేయర్ కోసం నా తిరుగుడు

నాన్నకు రెండు కళ్ళలోనూ శుక్లాలు వచ్చాయని ఏలూరు నుంచి హైదరాబాద్ తీసుకొచ్చాం. ముందు కుడి కంటికి ఆపరేషన్ చేశారు, ఎడమ కంటికి నెల తర్వాత అన్నారు. మొదటిది అయిన పది రోజులకు ఆయన మూడు చేతుల దూరంలోని క్యాలెండర్ చదివేస్తూ, ఇంట్లో ఎక్కడెక్కడ బూజు ఉందో మా ఆవిడకు చెప్పడం మొదలుపెట్టారు. ఒక సాయంత్రం అలమరలోంచి పాత పౌరాణికం డీవీడీ తీసి "ఇది పెట్టరా, ఇన్నాళ్ళూ మసకలో చూశాను" అన్నారు.

ప్లేయర్ బటన్ నొక్కితే లోపల మూలుగుతుంది తప్ప ట్రే బయటికి రాదు. గోకాను, తట్టాను, తిరగేశాను. పదిహేనేళ్ళ నాటి పెట్టె, పోయిందనుకున్నాను. అదే సినిమా ఫోన్లో వెతికి టీవీలో పెడితే పద్యం రాగం అందుకునే చోట టూత్‌పేస్ట్ ప్రకటన వచ్చింది. నాన్న లేచి పేపరు పట్టుకున్నారు.

"కొత్తది కొనేస్తాలే నాన్నా, ఎంతసేపు!" అన్నాను. మూడు నెలలు పట్టింది.

నా బడ్జెట్ పది వేలు. టీవీ 55 అంగుళాల 4కే, అంటే ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల చుక్కలున్నది. దాని కింద శబ్దాన్ని కాంతి తీగలో అందుకునే ఆప్టికల్ సాకెట్ మాత్రమే ఉన్న పాత 5.1 (అయిదు స్పీకర్లు, ఒక బాస్ పెట్టె) హోమ్ థియేటర్ ఉంది. టీవీ 4కే కాబట్టి ప్లేయర్ కూడా 4కే ఉండాలి కదా అన్నది నా మొదటి ఆలోచన. మొదటి తప్పు కూడా అదే.

ఒక పెద్ద షోరూముకు వెళ్ళి అడిగితే అక్కడి కుర్రాడు నన్ను గ్రామఫోన్ అడిగినవాణ్ణి చూసినట్టు చూశాడు. "డిస్క్ ప్లేయరా సార్? నెట్‌లో సినిమాలు చూసే స్టిక్ ఉంది, ఇమ్మంటారా?" అన్నాడు. అతని తప్పేం లేదు. ప్లేయర్లకు పేరుపడ్డ ఒప్పో 2018లో ఆపేసింది, 2019లో శామ్‌సంగ్, 2024 చివరికి ఎల్‌జీ. పేరున్న వాటిలో ప్రధానంగా మిగిలింది సోనీ, పానసోనిక్. బయటి నుంచి తెప్పించి అమ్మేవాళ్ళు 4కే ప్లేయరుకు చెప్పిన ధర ముప్ఫై వేలు దాటింది. ఆ డబ్బుతో నాన్న రెండో కన్ను సగం బాగవుతుంది అని మా ఆవిడ అంది, ఏదో కూరగాయల బేరంలా.

ఆ ఆదివారం చాప పరిచి అలమర మొత్తం కింద పోశాను. లెక్కపెడితే డీవీడీలు 212, వీసీడీ సినిమాలు 46, బ్లూరేలు 29. 4కే డిస్కులు ఒక్కటీ లేవు. ఒక్కటి కూడా లేని దానికోసం ముప్ఫై వేలు పెట్టబోయాను. డీవీడీల్లో ఎక్కువ భాగం మోజర్‌బేర్ కంపెనీ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు దింపిన కాలంలోవి. అప్పట్లో జీతం రోజున సినిమాలు కిలోల లెక్కన కొనేవాణ్ణి.

తర్వాత టేపు తెచ్చి సోఫాకూ టీవీకీ మధ్య కొలిచాను. పది అడుగులు. 55 అంగుళాల తెర మీద ఫుల్ హెచ్‌డీ (బ్లూరే బొమ్మ అదే) చుక్క ఒక్కొక్కటి 0.63 మిల్లీమీటర్లు. పది అడుగుల దూరం నుంచి మంచి చూపున్న మనిషి విడివిడిగా పోల్చుకోగలిగేది సుమారు 0.9 మిల్లీమీటర్లు. అంటే మా హాల్లో బ్లూరే చుక్కలే కంటికి ఆనవు, అందులో పావు వంతు ఉండే 4కే చుక్కలు మా కుటుంబంలో ఎవరికీ ఆనవు. 4కే డిస్కులో అసలు సుఖం రంగుల్లో, వెలుగునీడల్లో ఉంటుంది, అది నిజమే. కానీ నా గొడవ వేరు. 720 చుక్కల వెడల్పు, 576 గీతల ఎత్తు మాత్రమే ఉన్న డీవీడీని ఇంత పెద్ద తెర మీద పరువు పోకుండా చూపించే పెట్టె కావాలి నాకు.

అయితే రెండు వేల రూపాయల డీవీడీ ప్లేయర్ చాలదా? పై పోర్షన్ వాళ్ళ దగ్గర ఒకటి ఉంటే వారం రోజులు అరువు తెచ్చాను. పౌరాణికం పెట్టాను. నాన్న అయిదు నిమిషాలు చూసి, "ఒరేయ్, రంగారావు ఇంత లావు ఎప్పుడయ్యాడ్రా?" అన్నారు.

కొత్త కళ్ళు మరి. మా పిల్లలు ఎప్పుడూ పట్టించుకోలేదు, నిజం చెప్పాలంటే నేనూ పట్టించుకోలేదు. పాత నలుపు తెలుపు సినిమాల బొమ్మ దాదాపు చదరం, వెడల్పు నాలుగు పాళ్ళయితే ఎత్తు మూడు. టీవీ తెర వెడల్పు పదహారు పాళ్ళు, ఎత్తు తొమ్మిది. సరైన ప్లేయర్ అయితే రెండు పక్కలా నల్ల పట్టీలు వేసి బొమ్మను మధ్యలో నిలబెడుతుంది. చవకది రెండు చెవులూ పట్టి తెర అంచుల దాకా లాగేస్తుంది. అసలే భారీ మనిషి రంగారావు గారు ఇక గోడంత కనపడరా! టీవీ రిమోట్‌తో సరిచేద్దామంటే, మా టీవీకి 1080పి (అంటే ఫుల్ హెచ్‌డీ) సిగ్నల్ వచ్చిందంటే చాలు, 4:3 అనే ఆప్షనే మాయమవుతుంది. కాబట్టి ఈ పని ప్లేయరే చెయ్యాలి.

దీనికి ఇంకో తిరకాసుంది. మన స్కోప్ సినిమాల (బాగా వెడల్పు బొమ్మవి) డీవీడీలు చాలావాటిని పాత టీవీల కోసం తయారుచేశారు. చదరపు ఫ్రేములో పైనా కిందా నల్ల పట్టీలు ముద్రించేసి, మధ్యలో సినిమా పెట్టారు. లెక్క వేస్తే 576 గీతల్లో అసలు సినిమాకు దక్కేవి 330 లోపే. సరైన ప్లేయర్ దీనికి పక్కల పట్టీలు కూడా కలిపితే, నాలుగు వైపులా నల్ల చట్రం, మధ్యలో పోస్టుకార్డంత సినిమా. అప్పుడు జూమ్ కావాలి. నా జాబితాలో రెండు షరతులు చేరాయి: బొమ్మను సాగదీయకూడదు, జూమ్ ప్లేయర్లోనో టీవీలోనో ఏదో ఒకచోట పనిచెయ్యాలి. ఈ రెండూ ఏ డబ్బా మీదా రాసి ఉండవు, పెట్టి చూడాల్సిందే.

ఈలోగా డాలస్‌లో ఉండే మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, ఇక్కడ బ్లూరే ప్లేయర్లు చవక, వచ్చేటప్పుడు పట్టుకొస్తా" అన్నాడు. మనసు లాగింది. వెనక ప్యానెల్ ఫొటో తీసి పంపమన్నాను. 120 వోల్టులు అని ఉంది. మన ప్లగ్గులో నేరుగా పెడితే హారతే. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడొచ్చు, కానీ అసలు అడ్డంకి రీజియన్, అంటే ఒక ప్రాంతం డిస్కు ఆ ప్రాంతం ప్లేయర్లోనే ఆడాలన్న తాళం. బ్లూరేకి అమెరికా 'ఎ', మనం 'సి'. డీవీడీకి వాళ్ళు 1, మనం 5. తెలుగు డీవీడీల మీద ఎక్కువగా అన్ని రీజియన్లు అనే ఉంటుంది, అవి ఆడొచ్చు. నా 29 బ్లూరేల్లో సగానికి పైగా 'సి' ముద్ర ఉన్నవి. చిత్రమేమిటంటే 4కే డిస్కులకు రీజియన్ గొడవే లేదు. ఖరీదైన దానికి స్వేచ్ఛ, మనలాంటి వాళ్ళకు సరిహద్దులు. బావమరిదికి థాంక్స్ చెప్పి, ఊరగాయ జాడీలు తీసుకెళ్ళడానికి ఖాళీ సూట్‌కేస్ తెచ్చుకోమన్నాను.

బ్లూరే కూడా ఆడే సెకండ్ హ్యాండ్ గేమ్ కన్సోల్ కొనమని మా అబ్బాయి సలహా ఇచ్చాడు. వాడి ఉద్దేశం ఏమిటో నాకు తెలుసు.

ఇక మిగిలింది వాడిన బ్లూరే ప్లేయర్. మొదటిది ఒక ప్రకటన చూసి 2,500కి కొన్నాను. అమ్మే ఆయన అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లోనే వాచ్‌మన్ గది ప్లగ్గు పెట్టి, ఒక డీవీడీ ఆడించి చూపించాడు. బొమ్మ దివ్యంగా ఉంది. ఇంటికొచ్చి బ్లూరే పెడితే 'లోడింగ్' అని గిరగిరా తిరుగుతూనే ఉంది. టీ తాగి వచ్చినా తిరుగుతూనే ఉంది. ఫోన్ చేస్తే ఆయన ఎత్తలేదు.

కోఠి గుజరాతీ గల్లీ దగ్గర ఒక మెకానిక్‌కి చూపించాను. పైకప్పు విప్పి, డిస్క్ పెట్టి, రెండు నిమిషాలు చూసి తేల్చేశాడు. "దీనికి మూడు కండ్లుంటయ్ సార్. సీడీకొకటి, డీవీడీకొకటి, బ్లూరేకొకటి. గా నీలం కన్ను పోయింది. పార్టు దొరకది. దొరికినా మీరు పెట్టిన పైసలకన్నా ఎక్కువైతది."

ఆ మాట నన్ను పట్టుకుంది. నిజంగానే మూడు రకాల లేజర్లు. సీడీని, వీసీడీని చదివేది 780 నానోమీటర్ల కంటికి కనపడని కాంతి, డీవీడీకి 650 నానోమీటర్ల ఎరుపు, బ్లూరేకి 405 నానోమీటర్ల నీలి ఊదా. ఒకటి పోయినా మిగతావి మామూలుగా పనిచేస్తాయి. ఇంట్లో ఒక కన్ను బాగయి రెండోదాని కోసం ఎదురుచూస్తున్న పెద్దాయన్ని పెట్టుకుని కూడా, ఒక డిస్క్ ఆడితే ప్లేయర్ మంచిదే అనుకున్నాను.

రెండోసారి సంచితో వెళ్ళాను. సంచిలో అయిదు డిస్కులు: గీతలు పడిన డీవీడీ, రెండు పొరల డీవీడీ, బ్లూరే, వీసీడీ, 2007 నాటి మా చెల్లి పెళ్ళి రికార్డ్ చేసిన డిస్క్. అమ్మే ఆయన సైనిక్‌పురిలో రిటైరైన పెద్దమనిషి. సంచి చూసి నవ్వి, "పెళ్ళిచూపులకు పెద్దమనుషుల్ని తెచ్చుకున్నట్టున్నారే" అన్నారు. కాఫీ ఇచ్చి, నా పద్ధతిలో నన్ను వదిలేశారు.

ఒకే పొర ఉన్న డిస్కును లోపలి నుంచి బయటి అంచుకు చదువుతారు. లెన్సు నీరసపడితే మొదట్లో బాగానే ఆడి అంచుకొచ్చేసరికి తడబడుతుంది. అందుకని, ఒకే పొర ఉన్న ఆ బ్లూరేలో నేరుగా చివరి ఛాప్టర్‌కి దూకాను. ఆడింది. రెండు పొరల డీవీడీని సినిమా మధ్యలో, పొర మారే చోట చూశాను. రెప్పపాటు ఆగి, సాగింది. పెళ్ళి డిస్కుదే నాకు టెన్షన్. ఇంట్లో రికార్డ్ చేసిన డిస్కులు అచ్చువేసిన వాటికన్నా కాంతిని తక్కువగా వెనక్కి పంపుతాయి, పైగా పాతబడింది. ప్లేయర్ అర నిమిషం లోపల ఏదో ఆలోచించింది. తర్వాత మా చెల్లి తల మీద జీలకర్ర బెల్లం పెట్టే సీను వచ్చింది. ఆయనా ఆయన శ్రీమతీ కూడా కూర్చుని కాసేపు చూశారు.

వీసీడీ మాత్రం ఆడలేదు. 'ఈ డిస్క్ చదవలేను' అని ఒక్క ముక్కలో చెప్పేసింది. లెన్సు దోషం కాదు, కొన్ని బ్లూరే ప్లేయర్లు వీసీడీని అసలు లెక్కలోకే తీసుకోవు. అడిగింది నాలుగున్నర వేలు, ఆ సాకుతో 3,800కి తెచ్చుకున్నాను.

బొమ్మ సంగతి సులువుగానే తేలింది. సెట్టింగుల్లో స్క్రీన్ ఫార్మాట్‌ను 'ఫుల్' నుంచి 'నార్మల్'కి మార్చగానే రంగారావు గారు తన కొలతకు తాను వచ్చారు. స్కోప్ సినిమాలకు టీవీ జూమ్ పనిచేసింది. శబ్దం దగ్గరే మూడు సాయంత్రాలు పోయాయి. ముందు రెండు స్పీకర్లు మోగుతాయి, వెనకవి మూగ. వైర్లు ఎలక కొరికిందేమోనని సోఫా జరిపాను. ఎలక లేదు, మా అమ్మాయి పోగొట్టుకున్న చెవిపోగు దొరికింది. తీరా చూస్తే ప్లేయర్లో ఆడియో అవుట్‌పుట్ 'పీసీఎం' అని ఉంది. ఆప్టికల్ తీగలో పీసీఎం పంపితే రెండు ఛానెళ్ళే వెళ్తాయి. 'బిట్‌స్ట్రీమ్' పెడితే డాల్బీ, డీటీఎస్ అనే 5.1 శబ్దాలు ఉన్నవి ఉన్నట్టుగా మూటగట్టి వెళ్తాయి, హోమ్ థియేటర్ విప్పుకుంటుంది. మార్చగానే వెనక నుంచి వాన కురిసింది. నాన్న ఉలిక్కిపడి బాల్కనీలో బట్టలున్నాయన్నారు.

46 వీసీడీలు అలాగే ఉండిపోయాయి. చెత్తలో పారేద్దామని పాత డీవీడీ ప్లేయర్‌ని, అమ్మకానికైనా పనికొస్తుందేమోనని నీలం కన్ను పోయినదాన్ని, రెండింటినీ కోఠి తీసుకెళ్ళాను. మెకానిక్ పాతదాని పైకప్పు విప్పి, ట్రే పక్కన కప్పీ మీద సాగిపోయిన రబ్బరు బెల్టును గోటితో లాగి చూపించాడు. "గిదే సార్ రోగం. ఇరవై రూపాయలు." డ్రాయర్‌లోంచి ఉంగరమంత బెల్టు తీసి తొడిగాడు. బటన్ నొక్కితే ట్రే నాలుకలా బయటికొచ్చింది.

మూడు నెలల కింద ఈ మాట తెలిసుంటే బ్లూరేల సంగతి గుర్తుకు కూడా వచ్చేది కాదేమో. మా ఆవిడకు మాత్రం బెల్టు ధర రెండొందలని చెప్పాను.

ఇప్పుడు టీవీ కింద రెండు పెట్టెలున్నాయి. రెండు రిమోట్ల వెనకా తెల్ల ప్లాస్టర్ అంటించి ఒకదాని మీద 'కొత్తది', ఇంకోదాని మీద 'వీసీడీ' అని పెద్దక్షరాలతో రాశాను. ఇప్పుడు నాన్నకు రెండు కళ్ళూ అద్భుతంగా కనపడతాయి. అయినా ప్రతిసారీ తప్పు రిమోటే తీసి, "ఇది పనిచెయ్యట్లేదురా" అని వంటింటి దాకా వినపడేలా పిలుస్తారు.