ఇ518 దొరికింది: నా విమ్‌ఆర్‌సీలో 243వ లైనే లేదు

దొరికింది! రాత్రి పన్నెండున్నరకి దొరికింది, ఇంట్లో అందరూ పడుకున్నారు కాబట్టి గట్టిగా అరవలేకపోయాను. నెల రోజులుగా విమ్ అనే నా టెక్స్ట్ ఎడిటర్ ఇ518 అనే ఎర్రర్ చూపించి నన్ను తిప్పిన తిప్పలకి కారణం నా విమ్‌ఆర్‌సీలోని (అంటే విమ్ సెట్టింగుల ఫైల్లోని) ఒక్క లైను, దానికి తోడు నా వాన లెక్కలు.

కొత్తవాళ్ల కోసం వాన లెక్కల సంగతి ఒక ముక్క. మార్చి నుంచి మేడ మీద సీసా పెట్టి వాన కొలుస్తున్నాను, పొద్దున 8.30కి, వాతావరణ శాఖ వాళ్లు కొలిచే టైముకే. రోజుకో లైను, అన్నీ ఒకటే టెక్స్ట్ ఫైల్లో, కొత్తది కింద. వాన లేకపోతే సున్నా. తిరుపతిలో ఎక్కువ వాన అక్టోబర్ నుంచే కాబట్టి మొదటి రెండు వందల లైన్లలో సున్నాలే ఎక్కువ.

అక్టోబర్‌లో ఒకరోజు ఫైలు తెరవగానే ఎర్రగా వచ్చింది: మోడ్‌లైన్స్ ప్రాసెస్ చేస్తుండగా ఎర్రర్, లైన్ 212, ఇ518, అన్‌నోన్ ఆప్షన్: 2.5. ఎంటర్ కొడితే పోతుంది, ఫైలు మామూలుగానే తెరుచుకుంటుంది. కానీ రోజూ పొద్దున్నే అది చూడాలంటే చెప్పులో రాయి ఉన్నట్టే.

ఇక్కడే మొదటి తప్పు చేశాను. నేను విమ్‌కి రాకముందు నాలుగేళ్లు ఈమాక్స్ అనే ఇంకో ఎడిటర్ వాడాను, అందులో మోడ్ లైన్ అంటే అడుగున ఉండే పట్టీ. అంటే స్టేటస్ లైను గొడవే అని నాకు నేనే తేల్చేసుకున్నాను. విమ్‌ఆర్‌సీ తెరిచి 212వ లైనుకి వెళ్తే అక్కడ ఏముందనుకున్నారు, అడుగు పట్టీని అలంకరించే ఎయిర్‌లైన్ ప్లగిన్ రంగుల సెట్టింగు! ఇంకేం కావాలి. 2.5 అనేది ఆ ప్లగిన్ వెర్షనో, ఫాంటు సైజో అనుకున్నాను. ప్లగిన్ల ఫోల్డర్ మొత్తం గ్రెప్ కమాండ్ పెట్టి వెతికితే 2.5 పదిహేడు చోట్ల దొరికింది, పదిహేడూ చదివాను, ఒక్కటీ పనికిరాలేదు. ఐదో రోజు సాయంత్రం విసుగొచ్చి ఎయిర్‌లైన్ పీకేసి అదే పని చేసే లైట్‌లైన్ పెట్టాను. ఎర్రర్ పోయింది. (ఎయిర్‌లైన్ అందంగానే ఉంటుంది, కాదనను, కానీ బ్యాటరీ చచ్చిన నా పాత ల్యాప్‌టాప్‌కి అది బరువు. లైట్‌లైన్ చాలు.)

తొమ్మిది రోజులు హాయిగా ఉంది. తర్వాత మళ్లీ వచ్చింది. ఈసారి లైన్ 226, అన్‌నోన్ ఆప్షన్: 4.2. నంబరు మారింది! ఇప్పుడు వెర్షన్ థియరీ ఇంకా గట్టిపడింది, ఏదో ప్లగిన్ అప్‌డేట్ అయిందని. నా విమ్‌ఆర్‌సీ అప్పటికి 260 లైన్లు, అందులో సగం ఎవరెవరి దగ్గరో ఎత్తుకొచ్చి అతికించినవి, ఎందుకు పెట్టానో నాకే గుర్తులేదు. ఆదివారం కూర్చుని ప్లగిన్లు పద్నాలుగు నుంచి నాలుగుకి తెచ్చాను, ఫైలు 94 లైన్లకి దిగింది. ఆ ఆదివారం వాన ఆగి ఆగి పడింది, మూడు సార్లు కొలిచి మూడు లైన్లు ఎక్కించాను. సాయంత్రానికి ఎర్రర్ పోయింది. గెలిచాననుకున్నాను. మా ఆఫీసులో ఒక తమ్ముడు "వీఎస్ కోడ్ వేసుకోరాదా అన్నా, ఈ బాధ ఎందుకు" అంటే (అదీ ఇంకో ఎడిటరే) వాడికి క్లాసు కూడా పీకాను, సెట్టింగు మన చేతిలో ఉండటం గురించి.

మొన్న మూడోసారి. లైన్ 243.

కాఫీ తాగుతూ చూశాను, తాగడం ఆపేశాను. నా విమ్‌ఆర్‌సీలో ఉన్నవి 94 లైన్లు. 243వ లైను ఎక్కడిది?

ఆ రోజు పొద్దున వానకి కరెంటు పోయింది, కొలత కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాను, ఫైల్లో ఎక్కించలేదు. ఇది చిన్న విషయంలా ఉంది కానీ దీనివల్లే దొరికింది, ఎందుకో చెప్తాను. రాత్రి భోజనం అయ్యాక వరసగా మూడు పరీక్షలు చేశాను. విమ్‌ఆర్‌సీ పేరు మార్చి దాచేసి తెరిస్తే ఎర్రర్ లేదు. ఏ సెట్టింగుల ఫైలూ చదవద్దని మైనస్ యూ నన్ అని తెరిస్తే లేదు. డాష్ డాష్ క్లీన్ అని తెరిస్తే ఉంది! నా సెట్టింగులు ఏవీ చదవని క్లీన్‌లో ఎర్రర్ వస్తుంది, నా విమ్‌ఆర్‌సీ ఒక్కటి లేకుండా మామూలుగా తెరిస్తే రాదు. అరగంట తల పట్టుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ అరగంటలో వీఎస్ కోడ్ గుర్తొచ్చింది.

సరే, ఎటూ తేలక పాత పద్ధతికే వచ్చాను: విమ్‌ఆర్‌సీ మధ్యలో ఫినిష్ అని పెడితే అక్కడితో చదవడం ఆపేస్తుంది. 47 దగ్గర పెడితే ఎర్రర్ ఉంది. 23, లేదు. 35, లేదు. 41, ఉంది. 38, ఉంది. 37, లేదు. అంటే దోషి 37వ లైను. అక్కడున్నది సెట్ మోడ్‌లైన్. అంతే, రెండు మాటలు. ఎప్పుడో ఎవరి ఫైల్లోంచో ఎత్తుకొచ్చిందే. ఇదే పరీక్ష మొదటి రెండుసార్లూ చేశాను, ఒకసారి 130 దగ్గర ఉంది అంటుంది, మర్నాడు అక్కడే లేదు అంటుంది, అందుకే ఆ దారి వదిలేశాను. మధ్యలో ఫైలు మారుతోందని తట్టలేదు.

హెల్ప్ తెరిచి చదివితే అంతా అర్థమైంది. విమ్‌లో మోడ్‌లైన్ అంటే అడుగు పట్టీ కాదు, మనం తెరిచిన ఫైల్లోనే రాసుకునే సెట్టింగు. ఫైలు మొదటి ఐదు లైన్లలో గానీ చివరి ఐదు లైన్లలో గానీ ఇంగ్లీషులో విమ్ అనో, వీఐ అనో, ఇ-ఎక్స్ అనో రాసి పక్కన కోలన్ పెడితే, ఆ తర్వాత ఉన్నది ఆప్షన్ అనుకుని అమలు చేస్తుంది. నేను అప్పుడప్పుడు కొలత కింద ట్యాబ్ కొట్టి చిన్న నోట్ రాసుకుంటాను, ఉదాహరణకి అని రాయడానికి బద్ధకించి ఆ ఇ-ఎక్స్ కోలన్ పెడతాను. 212వ లైనులో "2.5 మి.మీ. గానీ ఆపైన గానీ పడితేనే వాన రోజు" అని, 226లో "4.2 సెం.మీ. అంటే 42 మి.మీ." అని, 243లో మళ్లీ 2.5. లైను నంబర్లన్నీ వాన ఫైలువి, విమ్‌ఆర్‌సీవి కావు!

ఇంకా విచిత్రం, ఈ ఇ-ఎక్స్ అనేది లైను మొదట్లోనే ఉంటే విమ్ పట్టించుకోదు, ఎగ్జాంపుల్ అని రాసుకుని ఉంటారేమోనని హెల్ప్‌లోనే రాసి ఉంది. ముందు ఖాళీ ఉంటేనే పట్టుకుంటుంది. నేను శుభ్రంగా ట్యాబ్ కొట్టాను.

నోట్ కింద ఐదు లైన్లు చేరగానే అది చివరి ఐదులోంచి బయటికి పోతుంది, ఎర్రర్ కూడా పోతుంది. ఎయిర్‌లైన్ తీసిన రోజు పొద్దున్నే ఐదో లైను ఎక్కించాను. ఆదివారం వాన మూడు లైన్లు ఒకేసారి తోసింది. నేను చేసిన రిపేర్లన్నీ వాన చేసినవే. మొన్న కరెంటు పోయి ఫైలు ముట్టుకోలేదు కాబట్టి ఎర్రర్ రాత్రి దాకా అక్కడే కూర్చుంది. ఖాళీగా విమ్ తెరిస్తే ఏమీ రాదన్నది మొదటిరోజే గమనించి ఉండాల్సింది, కానీ నేను పొద్దున తెరిచేది ఆ ఒక్క ఫైలే.

క్లీన్ చిక్కు కూడా విడిపోయింది. విమ్‌కి మోడ్‌లైన్ మామూలుగా ఆన్. నేను వాడే లినక్స్ డెబియన్, వాళ్లు తమ సిస్టమ్ ఫైల్లో దాన్ని ఆపేసి ఇస్తారు, నా 37వ లైను మళ్లీ ఆన్ చేసింది. క్లీన్ అంటే సిస్టమ్ ఫైలు కూడా చదవదు కాబట్టి ఆన్‌లోనే ఉంటుంది. నన్ అంటే విమ్‌కి ముందున్న పాత వీఐ ఎడిటర్ పద్ధతిలోకి పోతుంది, అందులో ఆఫ్. డెబియన్ వాళ్లు ముందే ఆపింది ఊరికే కాదు, 2019లో ఈ మోడ్‌లైన్ గుండానే ఫైలు తెరిస్తే చాలు వేరేవాళ్ల కమాండ్లు నడిచే లోపం బయటపడింది, 8.1.1365 ప్యాచ్‌తో మూశారు. నా అభిప్రాయం అడిగితే ఇది ఆన్‌లో ఉండటమే అనవసరం.

37వ లైను తీసేశాను. ఫైల్లో ఆ నోట్లన్నీ "ఉదా:" అని మార్చాను. మొదటినుంచీ తెలుగులో రాసుంటే ఈ గొడవే లేదు.

మిగతావి: ఇన్సర్ట్ మోడ్ (టైపు చేసే మోడ్) వదలగానే కీబోర్డు తెలుగు నుంచి ఇంగ్లీషుకి మారే ఆటోకమాండ్ (తనంతట తానే నడిచే కమాండ్) పనిచేస్తోంది. టెర్మినల్‌లో వత్తులు ఇంకా విడిపోతూనే ఉన్నాయి, దానికి నా దగ్గర ఓపిక లేదు.

తర్వాత సీసా పని. పది సెంటీమీటర్ల వెడల్పు సీసా మీద ఇరవై సెంటీమీటర్ల వెడల్పు గరాటు పెడితే వాన నాలుగింతలు ఎత్తు కనిపిస్తుంది, చిన్న జల్లు కూడా సరిగ్గా కొలవచ్చు. నెలవారీ మొత్తం ఆక్ అనే కమాండ్‌తో తీద్దామనుకుంటున్నాను, నాలుగుతో భాగించేది అక్కడే పెట్టాలి. గరాటు కొనాలి, అంతకంటే ముందు అమ్మ సీసా పక్కనే పెట్టిన కరివేపాకు కుండీ జరపమని అడగాలి, ఆకుల మీద నీళ్లన్నీ సీసాలోకే కారుతున్నాయి.