నా కుర్చీ ఎక్కడ పెట్టారు?

మంచం మీద కూర్చుని, చక్రాల కుర్చీని నా వైపు ఒరిగించుకుని, ముందు చిన్న చక్రాల్లో చుట్టుకున్న దారం తీస్తున్నాను. బంతిపూల దారం, రెండు మూడు పొడుగాటి వెంట్రుకలు, కాస్త జరీపోగు. పిన్నీసుతో లేపి, కత్తెరతో తెంపి, పట్టకారుతో లాగాలి. ఎడమది అయింది, కుడిది మిగిలింది. ఈయన పడుకున్నారు. నాకు మాత్రం పొద్దుటి సంగతి రాసేదాకా నిద్ర వచ్చేలా లేదు.

తెనాలి పెళ్ళికి వెళ్తున్నానని మొన్న రాశాను కదా. వెళ్ళాను. పెళ్ళి బాగా జరిగింది. జీలకర్ర బెల్లం ముందు పెళ్ళికూతురు తెర పక్కనుంచి నన్ను చూసి కళ్ళెగరేసింది. అది చాలు నాకు.

హాలు వాళ్ళు ర్యాంపు ఉందన్నారు. ఉంది, 2 అడుగుల ఎత్తుకి 6 అడుగుల ర్యాంపు. అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవుండాలని లెక్క. ఇద్దరు తోస్తే ఎక్కాను. ర్యాంపుల గురించి ఇదివరకే చాలా రాశాను, ఇవాళ వద్దు.

ఫోటోల దగ్గర పెద్దమ్మ తన పక్కన సోఫాలో కూర్చోమంది. బ్రేకులు వేసి, చేతులు ఆనించి అటు జరిగాను. ఫోటో అయ్యాక తిరిగి చూస్తే కుర్చీ లేదు. ఎవరో అడ్డంగా ఉందని మడిచి లోపల పెట్టారట. ఎవరు, ఏ లోపల, ఎవరికీ తెలియదు. అడిగిన ప్రతివాళ్ళూ "ఎక్కడికి పోతుందమ్మా, ఇక్కడే ఉంటుంది" అనేవాళ్ళే. గంటా పది నిమిషాలు ఆ సోఫాలో కూర్చున్నాను. చివరికి వీడియో తీసే అబ్బాయి స్టేజి వెనక గదిలో, పూలబుట్టల మధ్య చూసి తెచ్చాడు. కుషన్ మీద ఎవరి పసిబిడ్డో పడుకుని ఉంది. ఆ పిల్లని లేపబుద్ధి కాలేదు, ఇంకో పావుగంట ఆగాను. కానీ పాదాల పలక వంకరపోయింది చూడండి, దానికి మాత్రం ప్రాణం ఉసూరుమంది.

దీన్ని మడవడానికి ఒక వరస ఉంది. ముందు కుషన్ తీయాలి. తర్వాత పాదాల పలకలు రెండూ పైకి లేపాలి. అప్పుడు సీటు గుడ్డని మధ్యలో, ముందొక చేయి వెనకొక చేయి వేసి పైకి లాగితే, కింద ఇంటూ గుర్తులా ఉన్న కడ్డీలు దగ్గరికి వచ్చి కుర్చీ సన్నబడుతుంది. పలకలు లేపకుండా లాగితే ఒకదాన్నొకటి గుద్దుకుని ఇలాగే వంగుతాయి. తెరిచేటప్పుడు అరచేతులతో సీటు అంచులు కిందికి నొక్కాలి తప్ప వేళ్ళు కడ్డీల చుట్టూ పెట్టకూడదు, నలిగిపోతాయి. ఇవన్నీ మా ఇంట్లో చిన్నోడికి కూడా తెలుసు.

వచ్చేటప్పుడు దారంతా ఒకటే ఆలోచన, ఈ మడత కుర్చీ కొని తప్పు చేశానా అని. పాతది ఇనుపది, 20 కిలోలు. దాన్ని కదిలించాలంటే ఎవరైనా రెండుసార్లు ఆలోచించేవాళ్ళు. ఇది 13 కిలోలు. ఒంటిచేత్తో ఎత్తేయొచ్చని నేనే మురిసిపోయి రాశాను. ఎత్తేయడానికి ఎవరికి వీలో అప్పుడు ఆలోచించలేదు.

కానీ మడవలేనిది కొంటే ఆటోలో ఎలా ఎక్కించను? తెనాలి ఎలా వెళ్ళను? అసలు ఈ ఇంటూ మడత వచ్చిందే ప్రయాణం కోసం. అమెరికాలో హెర్బర్ట్ ఎవరెస్ట్ అనే మైనింగ్ ఇంజినీరు గని ప్రమాదంలో నడుము దెబ్బతిని కుర్చీకే పరిమితమయ్యాడు. కారులో పట్టే కుర్చీ కావాలని స్నేహితుడు హ్యారీ జెన్నింగ్స్‌తో కలిసి 1930లలో ఈ మడత కుర్చీ తయారు చేశాడు. ఆయన మడిచింది తనతో తీసుకెళ్ళడానికి. ఇంకెవరో అడ్డమని సర్దేయడానికి కాదు.

పదో తరగతి పరీక్షలు గుర్తొచ్చాయి. 1989. మాకు సెంటరు పక్క ఊళ్ళో పడింది, గది మేడ మీద. నాన్న సైకిల్ మీద తీసుకెళ్ళి, వీపున ఎక్కించుకుని మెట్లెక్కేవాడు. నడవడానికి నేను కాళ్ళకి కట్టుకునే కాలిపర్ల ఇనుము ఆయన నడుముకి తగులుతూ ఉండేది. సాయంత్రం నూతి దగ్గర స్నానం చేస్తుంటే అక్కడ నల్లగా కమిలి కనిపించేది. ఏంటి నాన్నా అంటే "సైకిల్ సీటు తగిలిందిలే" అనేవాడు. తెలుగు పేపరు రోజు ఇన్విజిలేటరు నా చంకకర్రలు దారికి అడ్డమని తీసి తలుపు పక్కన పెట్టారు. బెల్లు కొట్టారు, అందరూ వెళ్ళిపోయారు, ఆయనా వెళ్ళిపోయారు. నేను బెంచీ మీదే ఉన్నాను. గొంతెత్తి పిలవడానికి సిగ్గు. నేను ఎంతకీ రాకపోయేసరికి నాన్నే పైకి వచ్చాడు. కర్రలు చూశాడు, నన్ను చూశాడు, ఏమీ అనలేదు. మర్నాడు గేదె పలుపుతాడు ముక్క ఒకటి జేబులో పెట్టుకొచ్చి, రెండు కర్రలూ కలిపి నా బెంచీ కాలికి కట్టాడు. ముడి నా చేతికి అందేటట్టు నాలుగుసార్లు సరిచూసుకున్నాడు. ఇన్విజిలేటరు వచ్చి చూసి పక్కకి తిరిగి నడిచారు. పరీక్షలయ్యేదాకా ఆ తాడు అలాగే వాడాం.

సాయంత్రం నేనూ అదే పని చేయబోయాను. కింద కడ్డీల చుట్టూ బెల్టు బిగిస్తే ఎవరూ మడవలేరు కదా. ఫోన్‌లో వెతికి ఆర్డర్ పెట్టబోతుంటే బాబాయిగారి మనవడు ఫోన్ చేశాడు. "అత్తా, కుర్చీ తీసింది నేనే. సాంబారు బకెట్లు పక్కనుంచే వెళ్తున్నాయి, మీద పడుతుందని లోపల పెట్టాను. ఈలోగా పెళ్ళివారిని స్టేషన్ నుంచి తీసుకురమ్మన్నారు. నీకు చెప్పడం మర్చిపోయాను, సారీ అత్తా." గొంతు వణికిపోతోంది పాపం. పొద్దుటి నుంచి వాణ్ణి తిట్టుకున్నవన్నీ వెనక్కి తీసుకున్నాను. బెల్టు కూడా వద్దనుకున్నాను. సాంబారు పడే టైముకి బెల్టు ఉంటే వాడు ఏం చేసేవాడు?

అయినా మనసు కుదుటపడలేదు. వాడి మీద కోపం పోయాక అసలు ముల్లు ఎక్కడుందో తెలిసింది.

కుర్చీ కోసం నేను అటూ ఇటూ చూస్తుంటే పెద్దమ్మ అంది: "ఏంటమ్మాయ్, ఎక్కడికెళ్ళాలి నీకు? ఏం కావాలో చెప్పు, ఇక్కడికే తెప్పిస్తాంగా." అని గారె తెప్పించి నా నోట్లో పెట్టింది. చిన్నప్పుడు నన్ను చంకలో వేసుకుని ఊరంతా తిప్పిన మనిషి. ఆ ప్రేమలో అబద్ధం లేదు. అందుకే నోరు పెగల్లేదు.

ఎక్కడికీ లేదు పెద్దమ్మా, ఊరికే. వంటలవైపు వెళ్ళి గారెలు వేస్తుంటే చూడాలి. ఒకే ఫ్యాను కింద కూర్చుని విసుగేస్తే ఇంకో ఫ్యాను కిందికి పోవాలి. నాకు పడని మాట ఎవరైనా మొదలుపెడితే మధ్యలో లేచి వచ్చేయాలి. మీరంతా పెళ్ళిళ్ళలో చేసేది అదేగా. పని ఉంటేనే కదలాలని మీకెవరూ చెప్పరు. నాకు బాత్రూమ్‌కి వెళ్ళాలంటే పదిమంది లేస్తారు. ఊరికే తిరగాలంటే మాత్రం కారణం అడుగుతారు.

ఈ మాట పొద్దున్న ఫోన్ చేసి చెప్పాలి. చెప్పగలనో లేదో. ఆవిడకి ఫోన్‌లో సరిగా వినిపించదు కూడా.

కుడి చక్రంలో దారం కూడా వచ్చేసింది. వేలితో తిప్పితే చప్పుడు లేకుండా తిరుగుతోంది. వంకరపోయిన పలక రేపు సైకిల్ షాపులో సరిచేయించాలి. ఇప్పుడు బాల్కనీ దాకా వెళ్ళొస్తాను.