మాత్రలు మానేశాకే తెలిసిన పంటి నొప్పి

టపెంటడాల్ నొప్పి తగ్గించే మాత్ర. దానికి బానిసనై ఉన్నన్నాళ్లూ నా దవడ పళ్లు పుచ్చిపోతున్న సంగతే నాకు తెలియలేదు. మానేసి చికిత్సలో చేరిన కొద్ది వారాలకు రాత్రిళ్లు దవడ పోటు మొదలైంది. పళ్లు ఎప్పుడో పాడయ్యాయట, మాత్ర ఇన్నాళ్లూ ఆ నొప్పిని తెలియనివ్వలేదు. అది ఏ మాత్రతో తగ్గుతుందో నా ఒంటికి బాగా తెలుసు. నా అసలు భయం అదే. డీ-అడిక్షన్ డాక్టర్ కూడా పళ్ల పని ఆలస్యం చేయొద్దన్నారు.

ముందు ఇంటి దగ్గర ప్రైవేటు క్లినిక్‌కి వెళ్లాను. ఏ మందులు వాడుతున్నారని ఫారంలో అడిగితే ఉన్నదున్నట్టు రాశాను. రక్త పరీక్షలు చేయించుకుని రమ్మన్నారు. రిపోర్టులు తీసుకెళ్లినా అపాయింట్‌మెంట్ మాత్రం దొరకలేదు. నా నుంచి ఏదైనా అంటుకుంటుందని భయమేమో గానీ, గ్లవ్స్, పరికరాల స్టెరిలైజేషన్ ఎవరొచ్చినా చేయాల్సినవే కదా!

అక్క ఊరుకోలేదు. "అఫ్జల్‌గంజ్ పోదాం పా తమ్మీ, ఉస్మానియా దగ్గర సర్కారు పళ్ల దవాఖాన ఉన్నది కదా" అంది. అక్కడ ఓపీ చిట్టీ రాయించుకున్నాక మొదట ఓరల్ మెడిసిన్ అనే నోటి జబ్బుల విభాగంలో చూస్తారు. ఎక్స్‌రే తీసి, పీకాల్సిన పళ్లకు ఒక విభాగానికి, రూట్ కెనాల్‌కు ఇంకో విభాగానికి, చిగుళ్లకు మరో దానికి పంపిస్తారు. తిరుగుడు తప్పదు. పొద్దున్నే పోతే నయం.

నన్ను చూసిన పీజీ డాక్టరమ్మ చిట్టీ చదివి, అక్కను కాసేపు బయట కూర్చోమన్నారు. ఆ ఒక్క పనితో నాకు సగం టెన్షన్ పోయింది. ఏం వాడావు, సూదితోనా, చివరిసారి ఎప్పుడు, ఇప్పుడు ఏ మందు నడుస్తోంది, గుండె జబ్బేమైనా ఉందా అని వరసగా అడిగారు. ఇవన్నీ ఎందుకంటే, పన్ను పీకేముందు ఇచ్చే ఇంజెక్షన్‌లో తరచుగా అడ్రినలిన్ కలుపుతారు. కొకైన్‌గానీ మెత్ (మెథాంఫెటమిన్) అనే మత్తుమందుగానీ తీసుకుని ఆ రోజే వచ్చి కూర్చుంటే బీపీ, గుండె వేగం ప్రమాదకరంగా పెరగొచ్చు. ఇక ఆ ఇంజెక్షన్‌తో మళ్లీ అలవాటు మొదలవుతుందేమోనని అక్క భయం. ఆ ఇంజెక్షన్‌లోని లిగ్నోకెయిన్ మందు ఆ చోటును మొద్దుబారుస్తుందంతే, దానికి అలవాటుపడటం ఉండదని డాక్టరమ్మ అన్నారు.

పళ్లు ఎందుకు పాడయ్యాయో కూడా చెప్పారు. ఇలాంటి మందులతో నోరు ఎండిపోతుంది. పళ్ల మీది ఆమ్లాన్ని విరిచేది ఉమ్మే. దానికి తోడు తీపి మీద యావ. నాకైతే చాయ్‌లో చక్కెర ఎంతేసినా చాలేది కాదు, రాత్రి బ్రష్ ఊసే లేదు. గంజాయితోనూ నోరు ఎండుతుంది. మెత్ వాడేవాళ్లు తెలియకుండానే పళ్లు నూరుతుంటారు, అవి అరిగి విరిగిపోతాయి.

నాకు బాగా పనికొచ్చిన మాట బుప్రెనార్ఫిన్ గురించి. చికిత్సలో నాలుక కింద పెట్టుకునే ఈ మాత్రతో కూడా పళ్లు దెబ్బతినొచ్చని 2022 జనవరిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. అలాగని మానేయకూడదు, మానేస్తే మొదటికే మోసం. మాత్ర పూర్తిగా కరిగాక గుక్కెడు నీళ్లు నోట్లో పోసుకుని, పళ్ల చుట్టూ మెల్లగా తిప్పి మింగాలి. కనీసం గంట ఆగాకే బ్రష్ చేయాలి. నేను అప్పటిదాకా మాత్ర కరగగానే బ్రష్ చేసేవాణ్ని. నాకెవరూ చెప్పలేదు మరి.

పళ్లు పీకిన రోజు చిట్టీ మీద 'ట్రామడాల్ వద్దు' అని పెద్దగా రాశారు. అదీ టపెంటడాల్ లాంటి, అలవాటుపడే నొప్పి మందే. పంటి నొప్పికి ఆ మందు కలిసిన మాత్రలు రాయడం మన దగ్గర మామూలే. నాలాంటివాళ్లు ముందే నోరు విప్పి చెప్పుకోవాలి. ఐబుప్రోఫెన్, పారాసిటమాల్ ఇచ్చారు. మొదటి రాత్రి కష్టమైంది గానీ వాటితోనే గడిచింది. మాత్రల కవర్ అక్క తన దగ్గరే పెట్టుకుని, వేళకు ఒక్కొక్కటి ఇచ్చింది.

రూట్ కెనాల్ ఇంకా నడుస్తోంది. చిగుళ్లు గట్టిపడ్డాక పీకిన చోట కట్టుడు పళ్ల సంగతి చూద్దామన్నారు. ఇంకా చికిత్సలో చేరనివాళ్లు ఉంటే డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి, ఉచితం. పేరు రాయించుకునే రోజే పళ్ల సంగతి కూడా చెప్పండి, నొప్పి మొదలయ్యేదాకా ఆగొద్దు.