జాంగోలో షరతులకు పేర్లు పెట్టడం

పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ అయిన జాంగోలో, డేటాబేస్ నుంచి కావలసిన వరుసలను ఎంచే ఫిల్టర్‌కు ఇచ్చే కీవర్డ్ ఆర్గ్యుమెంట్లన్నీ (పేరు=విలువ రూపంలోని షరతులు) యాండ్‌తోనే, అంటే అన్నీ నిజం కావాలనే అర్థంతోనే, కలుస్తాయి కాబట్టి, ఆర్ (ఏదో ఒకటి నిజమైతే చాలు) అవసరమైన చోట క్యూ ఆబ్జెక్టులను, అంటే షరతులను మోసే జాంగో ఆబ్జెక్టులను, నిలువు గీత (|) గుర్తుతో కలపాలి. పైథాన్‌లో, యాండ్ కోసం వాడే యాంపర్‌సాండ్ (&) గుర్తుకు నిలువు గీత కంటే ప్రాధాన్యం ఎక్కువ. ఆ క్రమం తెలిసినవారికి సైతం బ్రాకెట్లు లేని పొడవాటి షరతును చదవడం కష్టమే. అందుకే ఒక్కో క్యూ ఆబ్జెక్టును ‘ప్రచురితమైనవి’, ‘గడువు దాటనివి’ అనే అర్థం వెంటనే స్ఫురించే పేరుగల వేరియబుల్‌లో ఉంచి, ఆ తర్వాతే వాటిని కలపడం మేలని నా గట్టి అభిప్రాయం. అదే షరతు పలుచోట్ల కావలసి వస్తే, దానిని క్వెరీసెట్ (డేటాబేస్‌ను అడగబోయే ప్రశ్నను సూచించే జాంగో ఆబ్జెక్టు) క్లాసులో ఒక మెథడ్‌గా రాయాలి. నిబంధన మారిన రోజున ఒక్కచోట దిద్దితే సరిపోతుంది. ఫలితాలను అడిగేవరకు క్వెరీసెట్ డేటాబేస్ జోలికి వెళ్లదు కనుక, షరతులను ఇలా విడివిడిగా పేర్చినంత మాత్రాన అదనపు క్వెరీలు నడవవు. మరో పైథాన్ డేటాబేస్ లైబ్రరీ అయిన ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీలోనైతే యాంపర్‌సాండ్, షరతులు రాసే ==, > వంటి పోలిక గుర్తుల కంటే కూడా ముందే పనిచేస్తుంది, కాబట్టి అక్కడ యాంపర్‌సాండ్‌తో కలిపే ప్రతి పోలికనూ బ్రాకెట్లలో పెట్టక తప్పదు.