రిడక్షనిజం, ఎమర్జెన్స్: పోల్చమని అడిగితే ఏం రాయాలి?

ఫిలాసఫీ ఆఫ్ సైన్స్ పేపర్‌కి చదువుతున్న మిత్రులకు. దేన్నైనా దాని భాగాల సూత్రాలతో వివరించవచ్చన్నది రిడక్షనిజం; భాగాల్లో విడిగా లేని లక్షణం అవి కలిసినప్పుడు పుట్టడం ఎమర్జెన్స్. ఈ రెండింటినీ పోల్చమనగానే చాలామంది పేజీ మధ్యలో గీత గీసి, అటొకటి ఇటొకటి తేడాలు రాస్తారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. ఎంతవరకు కలిసి నడుస్తాయో, ఎక్కడ విడిపోతాయో చూపిస్తేనే అది పోలిక.

నేను ముందు ఉష్ణోగ్రతను పట్టుకున్నాను. వాయువు ఉష్ణోగ్రత అణువుల సగటు గతిజశక్తికి కొలమానం. రిడక్షనిజానికి ఇది పెద్ద గెలుపే. కానీ ఒక్క అణువును విడిగా తీసి దాని ఉష్ణోగ్రత ఎంతని అడిగితే, ఆ ప్రశ్నకే అర్థం ఉండదు. ఒకే ఉదాహరణ రెండు వైపులా పనికొచ్చింది చూడండి.

అసలు పట్టు దొరికింది మాత్రం సూపర్‌కండక్టివిటీ దగ్గర. 1911లో భౌతికశాస్త్రవేత్త కామెర్లింగ్ ఓనెస్ పాదరసాన్ని 4.2 కెల్విన్ దాకా చల్లబరిస్తే విద్యుత్ నిరోధం మాయమైపోయింది. ఎలక్ట్రాన్లు పాటించే క్వాంటం సూత్రాలు 1920ల్లోనే చేతికొచ్చాయి. అయినా ఈ నిరోధం ఎందుకు మాయమవుతుందో చెప్పే బార్డీన్, కూపర్, ష్రీఫర్ వివరణ రావడానికి 1957 దాకా పట్టింది. ఎలక్ట్రాన్లు జతకట్టి, అన్నీ కలిసి ఒకే స్థితిలో ఉంటాయన్న ఊహను ఎవరో ఒకరు చేయాల్సి వచ్చింది. సూత్రాలు దాన్ని వాటంతటవే చేతిలో పెట్టలేదు.

1972లో భౌతికశాస్త్రవేత్త ఫిలిప్ ఆండర్సన్ రాసిన వ్యాసం సారం ఇదే. ఆయన రిడక్షనిజాన్ని కాదనలేదు. అన్నిటినీ మూల సూత్రాల దాకా విప్పుకుంటూ పోవచ్చు, అంతమాత్రాన ఆ సూత్రాలతో ప్రపంచాన్ని తిరిగి కట్టగలమని కాదన్నాడు. విప్పడం వేరు, కట్టడం వేరు. ఈ ఒక్కటి స్పష్టంగా రాస్తే మిగతా జవాబంతా దాని చుట్టూ అమరుతుంది.

తర్వాత బలహీన, బలమైన ఎమర్జెన్స్ తేడా తప్పకుండా రాయండి. కొత్త లక్షణం కింది నియమాల నుంచే పూర్తిగా వస్తే బలహీనం, సూత్రప్రాయంగా కూడా వాటి నుంచి రాబట్టలేకపోతే బలమైనది. బలహీనమైనదానికి గణితవేత్త జాన్ కాన్వే 1970 నాటి లైఫ్ ఆట చాలు. ఇందులో ప్రతి దశలోనూ గళ్ళన్నీ ఒకేసారి మారతాయి. బతికున్న గడికి చుట్టూ ఉన్న ఎనిమిది గళ్ళలో రెండో మూడో బతికుంటే నిలుస్తుంది, ఖాళీ గడికి సరిగ్గా మూడు ఉంటే బతుకుతుంది, మిగతావన్నీ ఖాళీయే. గళ్ళ కాగితం మీద గ్లైడర్ అనే ఐదు గళ్ళ ఆకారం (పై వరుసలో మధ్య గడి, దాని కింద కుడి గడి, ఆ కింద మూడు గళ్ళూ) వేసి నాలుగు దశలు చేత్తో నడిపించండి. మధ్యలో మారినా, నాలుగో దశకి అదే ఆకారం తిరిగొచ్చి ఒక గడి ఏటవాలుగా జరిగి ఉంటుంది. కదలిక గురించి నియమాల్లో ఒక్క మాట లేదు, అయినా ఫలితం పూర్తిగా నియమాలదే.

బలమైన ఎమర్జెన్స్‌కి ఉదాహరణగా చైతన్యం వస్తుంది. అక్కడ తత్వవేత్త జేగ్వాన్ కిమ్ అభ్యంతరం వదలకండి: ప్రతి భౌతిక ఫలితానికీ సరిపడా భౌతిక కారణం ఉంటే, మనసు చేయడానికి ఇంకేం మిగిలింది? నాకు తృప్తినిచ్చే సమాధానం ఇంకా కనబడలేదు. జవాబులోనూ దాన్ని తేలని ప్రశ్నగానే రాశాను.