అయిదు పడని ఆట

ఆదివారం, రాత్రి పది దాటింది.

బుధవారం మా ఆడబిడ్డ కొడుక్కి రెండేళ్లు నిండుతాయి. వెండి గిన్నె, బట్టలు అత్తమ్మ చూసుకుంటానన్నది. బొమ్మ కొనడం నా వంతు. పొద్దున టిఫిన్లు కాగానే పిల్లలిద్దరినీ వెంటేసుకుని ప్రకాశం బజారుకు పోయాను. పిల్లలతో బొమ్మల దుకాణానికి పోవడం ఎంత టెన్షనో తల్లులకు చెప్పనక్కర్లేదు. "మనకేం కొనం, తమ్ముడికే" అని క్లాక్ టవర్ దగ్గర ఆటో దిగకముందే ఇద్దరితో ఒప్పించుకున్నాను. ఆ ఒప్పందం దుకాణం మెట్లదాకా నిలిచింది.

దుకాణంలో అబ్బాయి ముందుగా ఒక బ్యాటరీ ఫోన్ తీశాడు. ఒక మీట నొక్కితే ఏ ఫర్ యాపిల్ అంటుంది, ఇంకోటి నొక్కితే కుక్క మొరుగుతుంది. "ఎడ్యుకేషనల్ అక్కా, ఇప్పుడు ఇదే పోతుంది" అన్నాడు. డబ్బా మీదా అదే మాట ఇంత లావు అక్షరాలతో ఉంది. వెనక్కి తిప్పి చూస్తే బ్యాటరీ మూతకు స్క్రూ లేదు. గోరుతో లాగితే ఊడొచ్చింది. లోపల మూడు బిళ్ల బ్యాటరీలు. ఆ వయసు పిల్లాడికి ఏది దొరికినా నోట్లోకే కదా. బిళ్ల బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికకు కాలిన పుండ్లు పడొచ్చు. వద్దని పక్కన పెట్టించాను.

2021 జనవరి 1 నుంచి మన దేశంలో పద్నాలుగేళ్ల లోపు పిల్లల ఆటబొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. ముద్రతో పాటు సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఈ ముద్ర ఇచ్చే బీఐఎస్ సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఎవరికిచ్చిన లైసెన్సో తెలుస్తుంది. నేను అక్కడే నిలబడి నంబర్లు కొడుతుంటే ఆ అబ్బాయి నన్ను తనిఖీకి వచ్చిన ఆఫీసరనుకున్నాడో ఏమో, లోపలి నుంచి మంచి సరుకు తేవడం మొదలుపెట్టాడు. నిర్మల్ కొయ్యబొమ్మల్లాంటి జీఐ సరుకు, అంటే ఫలానా ఊరిదేనన్న భౌగోళిక గుర్తింపు ఉన్న సరుకు చేసే నమోదైన కళాకారులకు ఈ ముద్ర నుంచి మినహాయింపు ఉంది. అవే దొరికితే బాగుండేది గానీ ఆ దుకాణంలో లేవు.

చివరికి చెక్క దిమ్మెల డబ్బా తీసుకున్నాను. ఒక్కో దిమ్మె ఆ రెండేళ్లవాడి పిడికిలి కంటే పెద్దది, అంచులు నున్నగా ఉన్నాయి, ఊడొచ్చే ముక్క ఏదీ లేదు. ఇప్పుడు వాడు ఒకదాని మీద ఒకటి పెట్టి పడగొడతాడు. పడగొట్టడమే ఆ వయసులో ఆట. నాలుగేళ్లకు ఇల్లు కడతాడు, ఏడేళ్లకు కోట కడతాడు. ఆ ఫోనైతే కుక్క ఎక్కడ మొరుగుతుందో తెలిశాక వారానికే మూలన పడుతుంది. మా పెద్దోడి దగ్గర అట్లాంటివి ఒక గోనెసంచెడు ఉన్నాయి.

పిల్లలకేం కొనలేదు అంటే అబద్ధం. దారిలో పూజ సామాను దుకాణంలో గవ్వలు కొన్నాను. పెద్దోడు మొహం మాడ్చుకున్నాడు, "ఇవి బొమ్మలా?" అని.

మధ్యాహ్నం అన్నాలయ్యాక వరండాలో సుద్దముక్కతో అష్టాచెమ్మ గీశాను. అడ్డం అయిదు, నిలువు అయిదు గళ్లు. నాలుగు దిక్కులా నడిమి గళ్లకు, మధ్య గడికి ఇంటూ గుర్తులు. పెద్దోడికి గాజుముక్కలు, చిన్నదానికి చింతగింజలు, నాకు కందిగింజలు, అత్తమ్మకు చిన్న రాళ్లు. అత్తమ్మకు మోకాళ్ల నొప్పి, కింద కూర్చోదు. ఇవాళ మాత్రం ఎవరూ పిలవకుండానే వచ్చి కూర్చున్నది.

నాలుగు గవ్వలు వేస్తే ఎన్ని వెల్లకిలా పడితే అంత లెక్క. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగు గళ్లు. నాలుగూ బోర్లా పడితే అష్ట, ఎనిమిది గళ్లు. ఈ రెండింట్లో ఏది పడ్డా మళ్లీ వేయొచ్చు. చిన్నది ఎల్‌కేజీ. మొదట్లో ఒక్కో గవ్వనూ వేలితో ముట్టి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది. నాలుగైదు చుట్లు తిరిగేసరికి గవ్వలు ఆగకముందే "మూడు!" అని అరుస్తోంది. ఫ్లాష్ కార్డులతో నెలంతా కుస్తీ పట్టినా రాని వేగం అది.

పెద్దోడి సంగతి వేరు. వాడి కాయకు సరిగ్గా అయిదు గళ్ల ముందు నా కాయ ఉంది. దాన్ని చంపితేగానీ వాడు లోపలి వరుసలోకి పోలేడు. గవ్వలు చేతిలో పట్టుకుని ఆలోచిస్తున్నాడు. "అమ్మా, ఇందులో అయిదు పడదు కదా?" పడదు. ఆరూ ఏడూ కూడా పడవు. కాసేపు గళ్ల వంక చూసి, "చెమ్మ పడి, మళ్లేస్తే ఒకటి పడాలె" అన్నాడు. వాడంతట వాడే కనిపెట్టాడు. రెండో తరగతి లెక్కల పుస్తకంలో నాలుగు ప్లస్ ఒకటికి ఎదురుగా ఖాళీ గడి ఉంటే అందులో రాసేవాడే. ఇక్కడ అయిదు కావాలంటే ఏమేం కలపాలో వెనక నుంచి వెతికాడు. చెమ్మ పడలేదు, అది వేరే సంగతి. అత్తమ్మ వాడి కాయను చంపేసి చప్పట్లు కొట్టింది. మనవడని జాలి లేదు.

నాకు ఈ ఆట మీద ఇష్టం ఇంకో కారణానికి. చదరంగంలో నాలుగేళ్ల పిల్ల ఏడేళ్ల అన్నను గెలవలేదు, ఓడి ఓడి ఆటే మానేస్తుంది. వైకుంఠపాళిలో అంతా పాచిక మీదే నడుస్తుంది, పెద్దోడికి చేయడానికేం ఉండదు. పైగా తొంభైల్లో పాము మింగితే ఆ ఏడుపు వీధి చివరిదాకా వినిపిస్తుంది. అష్టాచెమ్మలో గవ్వ చిన్నదాని పక్షాన పడుతుంది, ఏ కాయ జరపాలన్న తెలివి పెద్దోడి పక్షాన ఉంటుంది. ఇద్దరూ ఒకే ఆట ఆడాలంటే ఆ రెండూ ఉండాలి. ఇవాళ గెలిచింది చిన్నది. నేనేం ఓడిపోయి ఇవ్వలేదు, నిజంగానే గెలిచింది.

గవ్వలు మాత్రం లెక్కపెట్టి డబ్బాలో వేసి పైన పెట్టాను. బుధవారం ఆ రెండేళ్లవాడు ఇంట్లో ఉంటాడు, గింజలూ గవ్వలూ వాడి కంట పడకూడదు.

సాయంత్రం వాన పట్టింది, కరెంటు పోయింది. పాత లగ్గం పత్రికలు కత్తిరించి జతల ఆట చేశాం. ఒక్కో బొమ్మ రెండేసి ముక్కల మీద గీయడం పెద్దోడి పని. వాడు గీసిన మేకకూ కుక్కకూ తేడా తెలియక కొట్లాట. ముక్కలన్నీ బోర్లా పెట్టి రెండేసి తిప్పితే, ఏది ఎక్కడుందో నాకంటే చిన్నదానికే ఎక్కువ గుర్తుంటోంది. కరెంటు వచ్చాక మా ఆయన ఫోన్ ఇవ్వబోయాడు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఆ గంట పొద్దున కార్టూన్లతోనే అయిపోయిందని చెప్పి ఫోన్ లాక్కున్నాను.

అన్నాలప్పుడు అత్తమ్మ, "మా అన్నింట్ల ఓమనగుంటల పీట ఉండాలె, అటుక మీద. దేవరకొండ దిక్కు ఎవరన్న పోతే తెప్పియ్యిరి" అన్నది. పద్నాలుగు గుంటల పీట, మడిచి పెట్టేదట. శనివారం తానే పోయొస్తానని మా ఆయన మాటిచ్చాడు. గుంటకు నాలుగేసి గింజలని నేనంటే అయిదేసి అని అత్తమ్మ, ఇద్దరం పడుకునేదాకా తెగ్గొట్టుకోలేదు. ఎన్నయినా సరే, చింతగింజలకు మా ఇంట్లో కరువు లేదు, స్టోర్‌రూంలో సగం సంచి ఉన్నాయి.